చేతి ఎముకల అతుకు: పలకయు మరమేకును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. హైదరాబాదు నగరమున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో అదే నగరమున విజ్ఞానచంద్రికా మండలి ఆరంభమైనది. చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగువారికి తెలుగులోనే చెప్పవలెనని ఆ మండలి పూనుకొన్నది. ఆ పూనికకు వారసులు నేటి గ్రామ గ్రంథాలయములు. కావున శరీరశాస్త్రమునకును యంత్రశాస్త్రమునకును మధ్యనున్న యొక విషయమును ఈ సభలో ముచ్చటించుట అనుచితము కాదు. చేతి ఎముక విరిగినపుడు వైద్యులు లోహపు పలకను, మరమేకులను బిగించి దానిని నిలుపుదురు. ఆ పలక ఏ బలములకు ఎదురు నిలుచును? ఎప్పుడు మేలు చేయును? ఎప్పుడు చేయదు? ఇవియే నేటి ప్రశ్నలు.

పుస్తకమును తెరచునది చేయి. మేడిని పట్టునది చేయి. మగ్గముపై నాడెను విసరునది, కలుపు తీయునది, బిడ్డను జోకొట్టునది చేయి. కాలు విరిగినవాడు కూర్చుండియైన ఒక పని చేసికొనగలడు. చేయి చెడినవానికి అన్నము ముద్ద నోటికి చేర్చుకొనుటయే కష్టము. గడ్డి కోయు యంత్రములు, చెరకు గానుగలు, నూర్పిడి యంత్రములు, మోటారు బెల్టులు ప్రతి గ్రామమునకు వచ్చిన యీ కాలమున చేతికి కలుగు గాయములు ఎవరికిని క్రొత్త కావు. కూలి చేసి బ్రదుకువానికి చేయియే ఆస్తి. ఆ ఆస్తి పోకుండ కాపాడుకొనుటకు కొంత తెలివిడి అవసరము.

చేతి నిర్మాణము

మణికట్టు మొదలుకొని వ్రేళ్ళ కొనల వరకు ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు గలవు. మణికట్టులో 8, అరచేతిలో 5, వ్రేళ్ళలో 14. బొటనవ్రేలికి రెండు కణుపులు, తక్కిన నాలుగింటికి మూడేసి కణుపులు. ఈ చిన్న ఎముకలను కదల్చు కండరములలో పెక్కు ముంజేతిలోనే యుండును. అక్కడనుండి త్రాళ్ళవంటి తంతువులు వ్రేళ్ళ వరకు సాగివచ్చును. వీనిని స్నాయువులందురు. అరచేతివైపు నుండునవి వ్రేళ్ళను ముడుచును. చేతి వెనుకవైపు నుండునవి వ్రేళ్ళను చాచును. వెనుకవైపు చర్మము పలుచన. చర్మము, దాని క్రింద స్నాయువు, దాని క్రింద ఎముక, ఇంతే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. ముందు ముందు దీని అవసరము కలుగును.

చేయి బరువు మోయు కాలువంటిది కాదు గనుక దానిలోని ఎముకలపై పెద్ద బలము పడదని పలువురు తలంతురు. అది పొరపాటు. ఏతమును చూచినవారికి ఈ విషయము తేలికగా బోధపడును. ఏతపు దూలమున ఒకవైపు బరువు, మరొకవైపు లాగుడు, నడుమనున్న స్తంభముపై ఈ రెండింటి మొత్తము పడును. వ్రేలియందును ఇట్లే. వ్రేలి కొన కీలునకు దూరముగా నుండును; స్నాయువు కీలునకు మిక్కిలి దగ్గరగా పోవును. కావున కొనయందు కొద్దిపాటి ఒత్తిడి కావలెనన్నను స్నాయువు అనేక రెట్లు లాగవలెను. నడుమనున్న కీలుపై ఆ రెండును పడును. చిటికెపట్టుతో ఒక కిలో బలముతో నొక్కినపుడు బొటనవ్రేలి మొదటి కీలుపై సుమారు 12 కిలోల ఒత్తిడి పడునని 1977లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

మరియొక కొలత మరింత ప్రయోజనకరమైనది. మణికట్టు శస్త్రచికిత్స జరుగుచుండగా ముడుచు స్నాయువులలోని లాగుడును తిన్నగా కొలిచి 1992లో ప్రకటించిరి. ఏ వస్తువును పట్టకుండ వ్రేళ్ళను ఊరక ముడిచి చాచునపుడు ఆ లాగుడు మూడున్నర కిలోలకు మించలేదు. గట్టిగా చిటికెపట్టు పట్టినపుడు 12 కిలోల వరకు పోయినది. విరిగిన ఎముకను బిగించిన పలక మొదటి దినములలో ఓర్చుకొనవలసినది ఆ మూడున్నర కిలోల లాగుడే. వ్రేలు కదలవచ్చును; బరువు పట్టరాదు. ఈ భేదమే చికిత్స యంతటికిని మూలము.

విరిగిన ముక్కలు ఎటు జరుగును?

ఎముక విరిగినంతనే ముక్కలు ఊరకుండవు. వానికి అంటియున్న కండరములు వానిని లాగును. అరచేతి ఎముక నడుమ విరిగినచో ఎముకల నడిమి చిన్న కండరములు కొన ముక్కను అరచేతివైపు వంచును. అందుచే చేతి వెనుకవైపున బుడిపెవలె లేచును. వ్రేలి మొదటి కణుపు విరిగినచో దీనికి వ్యతిరేకము. వంపు అరచేతివైపు పొడుచుకొని వచ్చును. ఎముక ఒకటే జాతిదైనను, ఒక అంగుళము దూరములో బలముల దిక్కు మారిపోవును. చికిత్సకుని నేర్పు ఈ దిక్కును గుర్తించుటలో నున్నది.

వంపు కన్న ప్రమాదకరమైనది మెలిక. పిడికిలి ముడిచినపుడు నాలుగు వ్రేళ్ళును మణికట్టున బొటనవ్రేలి మొదట నున్న చిన్న గుబ్బవైపు చూపును. అరచేతి ఎముక విరిగి కేవలము 5 డిగ్రీలు మెలి తిరిగి అతుకుకొన్నను, వ్రేలి కొన యొద్ద ఒకటిన్నర సెంటీమీటరు వరకు తేడా వచ్చి, ఒక వ్రేలు మరొక వ్రేలిపైకి ఎక్కును. చేయి చాచి చూచినచో ఈ లోపము కనబడదు. ముడిచినపుడే కనబడును. కొడవలి పట్టవలసిన చేయి కొడవలిని పట్టలేదు. కావున చేతికి దెబ్బ తగిలినపుడు రెండు చేతుల పిడికిళ్ళను ప్రక్కప్రక్కన నుంచి, నొప్పి ఓర్చుకొనగలిగినంత ముడిచి, గోళ్ళ వరుసలను పోల్చి చూడవలెను. ఇది ఖర్చు లేని పరీక్ష.

పూర్వుల విధానము

ఎముకను కట్టి అతికించుట ఈ దేశమున మిక్కిలి ప్రాచీనమైన విద్య. సుశ్రుత సంహితలో ఎముక విరుపులను పండ్రెండు విధములుగను, కీలు తొలగుటలను ఆరు విధములుగను విభజించిరి. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మర్రి మున్నగు చెట్ల పట్టలను, వెదురు బద్దలను కట్టుబద్దలుగా వాడుమని చెప్పిరి. తెలుగునేలపై చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు ప్రసిద్ధి దేశమెరిగినదే. హైదరాబాదు పాతనగరమున పహిల్వానులు ఎముకలు కట్టుట నేటికిని కలదు.

ఈ పద్ధతులలో యుక్తి లేదనుట న్యాయము కాదు. ఎముకకు తనంతట తాను అతుకుకొను శక్తి కలదు. విరిగిన చోట నెత్తురు గడ్డకట్టును. అది మెత్తని కండగా మారును. పిమ్మట మృదులాస్థి, ఆపై గట్టి ఎముక ఏర్పడును. ముక్కలు కొంచెము కదలుచున్నను ప్రకృతి చుట్టును ఒక ఉబ్బును కట్టి వానిని బంధించును. బద్దకట్టు ఈ పనికి సాయపడును. పిండికట్టు చేయునదియు ఇదియే. చేతి ఎముకల విరుపులలో పెక్కింటికి నేటికిని శస్త్రచికిత్స అవసరము లేదు.

అయితే బద్ద కట్టువానికి లోపలి సంగతి కనబడదు. మెలిక కనబడదు. కీలులోనికి పోయిన పగులు కనబడదు. కట్టు బిగువైనచో నెత్తురు ఆడక వ్రేలు నల్లబడి కుళ్ళు ప్రమాదము కలదు. కట్టు కట్టిన పిమ్మట వ్రేళ్ళు చల్లబడినను, తిమ్మిరెక్కినను, నీలిరంగు తిరిగినను, వ్రేళ్ళను చాచినపుడు ఓర్వరాని నొప్పి కలిగినను తెల్లవారువరకు ఆగరాదు. కట్టును వెంటనే వదులు చేయించి వైద్యశాలకు పోవలెను.

శస్త్రచికిత్సకు దారి

చర్మమును కోసి ఎముకను చేరుటకు ముందు మూడు అడ్డంకులు తొలగవలసియుండెను: నొప్పి, చీము, అంధత్వము. నొప్పి విషయమున హైదరాబాదు నగరమునకు చరిత్రలో స్థానము కలదు. కాచిగూడకు చేరువనే కోఠీలో రెసిడెన్సీ భవనము కలదు. అక్కడి రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డు లారీ దొర నాయకత్వమున 1888లోను, 1889లోను క్లోరోఫారము సంఘములు పరిశోధనలు జరిపినవి. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ధనసహాయము చేసెను. క్లోరోఫారము గుండెను తిన్నగా ఆపదని ఆ సంఘములు తేల్చినవి. తరువాతి పరిశోధనలలో ఆ నిర్ణయము సరికాదని తేలినది. అయినను మత్తుమందును గూర్చి లోకమంతయు తర్కించునట్లు చేసిన ఘనత ఆ పరిశోధనలకు దక్కినది. చీమును ఆపు మార్గమును 1865 మొదలు లిస్టరు చూపెను. అంధత్వమును 1895లో రాంట్జెను తొలగించెను. ఆయన ఎక్సు కిరణములతో తీసిన తొలి మానవ చిత్రము తన భార్య చేతి ఎముకలదే యగుట ఇచ్చట స్మరింపదగినది.

జర్మనీ దేశమున హాంబర్గు నగరపు వైద్యుడు హాన్సుమాన్ 1886లో ఎముకకు లోహపు పలకను బిగించు విధమును ప్రకటించెను. పిమ్మట ఇంగ్లాండున లేన్, బెల్జియమున లాంబాటు ఈ విద్యను పెంచిరి. ఆనాటి లోహములు తుప్పు పట్టెడివి, విరిగెడివి. 1949లో బెల్జియము వైద్యుడు రాబర్టు డానిసు, ముక్కలను ఒకదానికొకటి అదిమి కదలిక లేకుండ బిగించినచో ఉబ్బు లేకయే ఎముక అతుకునని చూపి, దానిని స్వయముగా జరుగు వెల్డింగు అనెను. 1958 నవంబరులో స్విట్జర్లాండు దేశపు బీల్ పట్టణమున ముల్లరు, ఆల్గోవరు, విల్లెనెగ్గరు మున్నగు వైద్యులు కూడి ఒక సంఘముగా నేర్పడి ఈ విద్యకు నాలుగు సూత్రములు కుదిర్చిరి: ముక్కలను యథాస్థానమున చేర్చుట, నిలుకడగా బిగించుట, నెత్తుటి ప్రసారమును కాపాడుట, అవయవమును త్వరలో కదలించుట.

కాచిగూడ పట్టాలు చెప్పు పాఠము

పల్లెలనుండి నగరమునకు వచ్చువారిలో అనేకులు కాచిగూడలోనో నాంపల్లిలోనో రైలు దిగుదురు. కాచిగూడ స్టేషను భవనము 1916లో పూర్తియైనది. దానికి రూపకల్పన చేసిన విన్సెంటు ఎష్ అనునతడే మూసీ యొడ్డున అఫ్జల్‌గంజిలోని ఉస్మానియా ఆస్పత్రి భవనమునకును రూపమిచ్చెను. చేతిని గుడ్డలో చుట్టుకొని ఆ స్టేషనులో దిగి ఆ ఆస్పత్రికి పోయినవారెందరో! అట్టివారు స్టేషనులో దిగునపుడు పట్టాలవైపు ఒకసారి చూచినచో తమకు జరుగబోవు చికిత్స అక్కడనే కనబడును. రెండు పట్టాలు కలియు చోట ఇరుప్రక్కల ఇనుప పలకలుంచి బోల్టులు బిగించుదురు. దానిని ఫిష్ ప్లేటు అందురు. విరిగిన ఎముకపై పలకయు అట్టిదే. అయితే మూడు భేదములు గలవు.

మొదటి భేదము, పలక నుంచు చోటు. పచ్చి కర్రను వంచినపుడు వెలుపలి వంపున నార సాగి చిట్లును. లోపలి వంపున అది నొక్కుకొనును. లోహము సాగదీతకు బాగుగా ఓర్చును. ఎముక నొక్కుడుకు బాగుగా ఓర్చును. కావున సాగదీత కలుగువైపున పలకనుంచి, నొక్కుడు కలుగువైపును ఎముకకే విడిచిపెట్టవలెను. అరచేతి ఎముక వెనుకవైపునకు వంగునని ముందే చెప్పబడినది. కనుక చేతి వెనుకవైపున పలక నుంచిన, వ్రేళ్ళు ముడిచిన ప్రతిసారియు అరచేతివైపు ముక్కలు ఒకదానికొకటి అదుముకొనును. వంచవలెనని వచ్చిన బలమే అతుకునకు తోడ్పడును. కాని అరచేతివైపున ఎముక ముక్కలై ఖాళీ ఏర్పడినచో ఈ లాభము పోవును. అపుడు పలక ఒక్కటియే ఇటునటు వంగి, మాటిమాటికి వంచిన ఇనుప తీగవలె విరిగిపోవును. వ్రేలి కణుపులో వంపు అరచేతివైపు గనుక అక్కడ పలక నుంచవలసివచ్చును గాని, ఆ చోటు ముడుచు స్నాయువులది. కావున ప్రక్కననో వెనుకనో పలక నుంచి మరింత జాగ్రత్త వహింతురు.

పలక మందమును గూర్చి ఒక లెక్క కలదు. వెడల్పు రెట్టింపైన వంపునకు ఎదురు నిలుచు శక్తి రెట్టింపగును. మందము రెట్టింపైనచో అది ఎనిమిది రెట్లగును. మందము ఒక మిల్లీమీటరునుండి ఒకటిన్నరకు పెరిగిన మాత్రముననే శక్తి మూడు రెట్లు దాటును. అట్లయిన మందపు పలకనే వాడరాదా యన్న, చేతి వెనుక చర్మమునకును ఎముకకును మధ్య చోటెక్కడిది? మందపు పలకపై స్నాయువు రాచుకొనును. అందుచే చేతికి వాడు పలకలు సుమారు ఒక మిల్లీమీటరు మందముననే యుండును. బలమునకును పలుచదనమునకును నడుమ బేరమాడవలసి యున్నది.

రెండవ భేదము, మరమేకు. బోల్టునకు ఆవలివైపు నట్టు ఉండును. ఎముకలో నట్టు లేదు, ఎముకయే నట్టు. వడ్రంగి రెండు చెక్కలను మరమేకుతో అదుమవలెనన్న పై చెక్కలో వదులు బెజ్జమును, క్రింది చెక్కలో బిగువు బెజ్జమును వేయును. మరలు క్రింది చెక్కనే పట్టును. తల పై చెక్కను క్రిందికి అదుమును. వైద్యుడును ఇంతే. రెండు మిల్లీమీటర్ల మరమేకునకు దగ్గరి ముక్కలో రెండు మిల్లీమీటర్ల బెజ్జమును, దూరపు ముక్కలో ఒకటిన్నర మిల్లీమీటరు బెజ్జమును వేయును. రెండు బెజ్జములును బిగువుగా వేసినచో మరమేకు ముక్కలను ఉన్న దూరముననే పట్టి యుంచును గాని దగ్గరకు తీయదు. పగులు ఏటవాలుగా, ఎముక వెడల్పునకు రెండింతలకన్న పొడవుగా నున్నచో రెండు మరమేకులే చాలవచ్చును; పలక అవసరము లేదు. ముక్క వెడల్పు మరమేకు వెడల్పునకు కనీసము మూడింతలుండవలెను. లేనిచో ముక్కయే చీలును. అతిగా బిగించినచో ఎముకలోని మర అరిగి మేకు పట్టు తప్పును.

పలకలోని బెజ్జములును తెలివిగా చేయబడినవే. కొన్నింట బెజ్జము కోలగా, అంచు ఏటవాలుగా నుండును. మరమేకు తల బిగియుకొలది ఆ వాలుమీద జారి ఎముక ముక్కను పగులువైపు నెట్టును. ఈ రకము పలక 1969లో వాడుకకు వచ్చినది. మరికొన్నింట బెజ్జమునకే మరలుండి మరమేకు తల పలకలోనే బిగియును. మామూలు పలక ఎముకపై అదుముకొని, ఆ రాపిడిచే నిలుచును. అదిమిన చోట ఎముకపై పొరలో నెత్తురు ఆడుట తగ్గును. తలకు మరలున్న పలకకు అట్లు అదుముకొన నక్కరలేదు. ముక్కలు చిన్నవైనను, ఎముక బోలుగా నున్నను అది తన పట్టును నిలుపుకొనును.

మూడవ భేదము అన్నింటికన్న ముఖ్యమైనది. పట్టా ఎన్నటికిని తనంత తాను అతుకుకొనదు. కావున ఫిష్ ప్లేటు కలకాలము బరువు మోయవలెను. గ్యాంగుమన్ దినదినము బోల్టులను తట్టి చూడవలెను. ఎముక అతుకుకొనును. పలక అతుకు కాదు. అతుకు పడువరకు పట్టి యుంచు చేయి మాత్రమే. ఎముక అతుకుటకును లోహము అలసిపోవుటకును నడుమ ఒక పందెము జరుగుచుండును. ఎముక ముందు గెలిచినచో పలక పని ముగిసినది. ఎముక అతుకక యున్నచో ఎంత గట్టి పలకయైనను ఒకనాటికి విరుగును. పలక విరిగినదనిన, అనేక పర్యాయములు దాని అర్థము లోహము చెడ్డదని కాదు. ఎముక అతుకలేదని, లేదా రోగి బరువు పట్టుటకు తొందరపడెనని.

కదలిక ఎంత ఉండవచ్చును?

ఈ పందెములో ఎముక గెలుచుటకు కదలిక మితము తెలియవలెను. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పెర్రెన్ దీనిని లెక్కలో చూపెను. విరుపు నడుమ నేర్పడు మెత్తని కండ తన పొడవునకు సమానముగా సాగినను తెగదు. మృదులాస్థి నూటికి పది పాళ్ళు సాగిన ఓర్చును. గట్టి ఎముక నూటికి రెండు పాళ్ళకు మించి ఓర్వదు. అర మిల్లీమీటరు సందులో ఒక మిల్లీమీటరులో ఇరువదవ వంతు కదలిక కలిగినచో అది నూటికి పది పాళ్ళు. అచ్చట ఎముక పుట్టజాలదు. ఇంత చిన్న కదలిక కంటికి కనబడదు. కాని జీవకణమునకు అది భూకంపము వంటిది. అదే కదలిక పెక్కు ముక్కల నడుమ పంచబడినచో ఒక్కొక్క సందునకు కొంచెమే వచ్చును, ఎముక పుట్టును. అందుచే రెండే ముక్కలైన విరుపును సందులేకుండ అదిమి బిగింపవలెను; లేదా కొంత కదలికకు వీలిచ్చి ఉబ్బుతో అతుకుకొననీయవలెను. పలక బిగించియు సందు విడిచిపెట్టుట ఈ రెండింటికిని చెడ్డది.

లోహము మాట

పలకలకు నేడు ముఖ్యముగా రెండు లోహములు వాడుదురు: క్రోమియము, నికెలు, మాలిబ్డినము కలిసిన తుప్పుపట్టని ఉక్కు, మరియు టైటానియము. ఉక్కు ఎముకకన్న సుమారు పది రెట్లు బిరుసు. టైటానియము ఐదారు రెట్లు. పలక మితిమీరి బిరుసైనచో బరువంతయు తానే మోసి ఎముకను సోమరిని చేయును. పని లేని ఎముక పలుచబడునని జర్మను వైద్యుడు వుల్ఫు 1892లోనే చూపెను. టైటానియమునకు మూలమైన ఇల్మనైటు ఆంధ్ర తీరపు ఇసుకలో దొరకును. హైదరాబాదున కంచన్‌బాగులో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమము టైటానియము మిశ్రమములను, ఎముకల చికిత్సకు వలయు పరికరములను తయారుచేయుచున్నది.

ఆ కంచన్‌బాగుననే గల రక్షణ పరిశోధనశాలలో క్షిపణులకొరకు సిద్ధపరచిన తేలికపాటి పదార్థమును నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకడు చూచి, పోలియో పిల్లల కాళ్ళకు ఆధారములు చేయరాదా యని అడుగగా, మూడు కిలోల బరువుగల ఆధారములకు బదులు 300 గ్రాముల ఆధారములు తయారైన వృత్తాంతమును అబ్దుల్ కలాముగారు అనేక సభలలో ఆనందముతో చెప్పియుండిరి. బలముల శాస్త్రము వైద్యుని చేతికి వచ్చినపుడు కలుగు మేలునకు ఇంతకన్న మంచి నిదర్శనము వేరొకటి లేదు.

పలక వెల

పలకకు రూకల వెల ఒకటి, దేహపు వెల మరొకటి. పలక నుంచుటకు చర్మము కోయవలెను. స్నాయువును ప్రక్కకు తీయవలెను. ఎముకపై పొరను కదల్పవలెను. గాయము మానునపుడు స్నాయువు, పలక, ఎముక ఒకదానికొకటి అంటుకొని వ్రేలు బిగిసిపోవచ్చును. ఎక్సురేలో ఎముక చక్కగా అతికియుండును. వ్రేలు మాత్రము వంగదు. అట్టి చికిత్స చూచుటకే గాని పనికి రాదు. ముఖ్యముగా వ్రేలి కణుపులలో ఈ ప్రమాదము హెచ్చు. కావున ఎక్సురే చూచినంతనే పలక వేయింపుమని తొందరించుట తగదు. పలక అనగానే భయపడి పారిపోవుటయు తగదు.

విరుపు మెలి తిరిగినపుడు, కీలులోనికి పోయినపుడు, ఒకే చేతిలో అనేక ఎముకలు విరిగినపుడు, చర్మము చిట్లి ఎముక బయటపడినపుడు, ఎంత సరిచేసినను ముక్కలు జారిపోవుచున్నపుడు శస్త్రచికిత్సను గూర్చి ఆలోచింపవలెను. అప్పుడైనను సన్నని తీగలా, మరమేకులా, పలకయా యనునది విరుపు తీరునుబట్టి వైద్యుడు నిర్ణయించును. ఎముకను నిలిపి, వ్రేలిని త్వరలో కదలించుటకు వీలిచ్చుటయే పలక యొక్క ముఖ్య ప్రయోజనము. పలక వేయించుకొని వ్రేలిని నెలల తరబడి గుడ్డలో దాచుకొన్నచో వెల చెల్లించి సరుకు విడిచి వచ్చినట్లే.

గృహస్థులు తెలిసికొనదగినవి

చేతికి దెబ్బ తగిలినంతనే ఉంగరములు, గాజులు తీసివేయవలెను. వాచిన పిమ్మట అవి రావు. చేతిని గుండెకన్న ఎత్తున ఉంచవలెను. గాయముపై పసుపు, బూడిద, పేడ, కాఫీపొడి చల్లరాదు. శుభ్రమైన గుడ్డతో కప్పి కట్టవలెను. చర్మము చిట్లిన విరుపునకు ఆ దినముననే వైద్యశాలకు పోవలెను; ధనుర్వాతమునకు సూదిమందు తప్పదు. యంత్రములో వ్రేలు తెగిపోయినచో దానిని పారవేయరాదు. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుముక్కల నడుమ నుంచి, రోగితోకూడ తీసికొనిపోవలెను. మంచు వ్రేలికి తగులరాదు. చర్మము చిట్లని విరుపునకు కొన్ని దినముల వ్యవధి కలదు గాని, మూడు వారములు గడచినచో వంకరగా అతుకు పడుట ఆరంభమై సరిచేయుట కష్టమగును.

పిండికట్టు కట్టునపుడు వ్రేళ్ళను తిన్నగా చాచి కట్టుట పొరపాటు. అరచేతికిని వ్రేలికిని నడుమనున్న కీలు 70 మొదలు 90 డిగ్రీల వరకు వంగియుండి, వ్రేలిలోని కీళ్ళు చాచియుండవలెను. ఆ కీలుచేరువ ఎముక తల సరిగా గుండ్రము కాదు. వంగినపుడు ప్రక్కబంధములు సాగి బిగువుగా నుండును, చాచినపుడు వదులగును. వదులుగా నున్నపుడు వారముల తరబడి కట్టియుంచినచో అవి కురుచబడి, తరువాత పిడికిలి ముడువరాదు. వ్రేలి కణుపుల విరుపు మూడు నాలుగు వారములలోను, అరచేతి ఎముక విరుపు నాలుగు మొదలు ఆరు వారములలోను సామాన్యముగా కదలించుటకు వీలగునంత అతుకుకొనును. ఎక్సురేలో గీత చెరగుటకు ఇంకను చాలకాలము పట్టును. గీత పోలేదని కట్టు విప్పకుండుట తగదు.

నిలుకడగా పలక బిగించినచో కొలదిదినములలోనే వైద్యుని ఆజ్ఞపై వ్రేళ్ళను ముడుచుట, చాచుట ఆరంభింపవలెను. దినమునకు అనేక పర్యాయములు, కొంచెము కొంచెముగా చేయవలెను. నీళ్ళబిందె, పలుగు, పార, మోటారుసైకిలు పిడి మాత్రము అతుకు పడువరకు ముట్టరాదు. మూడున్నర కిలోలకును పండ్రెండు కిలోలకును గల తేడా ఇదియే. ఇంటివారును ఈ సంగతి తెలిసికొని, కోలుకొనుచున్నవానిని పనికి తొందరపెట్టక, వ్యాయామమునకు మాత్రము తొందరపెట్టవలెను.

చేతి ఎముకను అతుకునది వైద్యుడు కాడు, పలక కాదు, దేహమే. పలక దానికి సమయము నిచ్చును. వైద్యుడు దానికి దారి చూపును. రోగి దానికి ఓర్పు నీయవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను చేయి పనికిరాదు. గ్రంథాలయమునకు వచ్చి ఈ సంచికను విప్పు ప్రతి చేయియు నిండు నూరేండ్లు పనిచేయుచు పుటలు తిరుగవేయుచుండుగాక యని కోరుచు ఈ ప్రసంగము ఇంతటితో ముగింపబడుచున్నది.